రంగం మామ్మ ఫొటో వెనకాల రాత

భద్రం చేద్దామనుకుని నేనే పాడుచేసిన ఓ పాత ఫొటో కథ ఇది. ఆ తప్పు దిద్దుకోబోతే ఓ లక్కపెట్టె, ఓ పూలతీగ, 1942లో తెలుగువాళ్లు కాలినడకన తిరిగొచ్చిన ఓ దారి బయటపడ్డాయి.

సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు మామ్మ చేతిలో ఓ ప్యాకెట్ పెట్టాను. పైనున్న రంగుకాగితం చిరక్కుండా విప్పి, మడిచి, దిండు కింద పెట్టుకుని, అప్పుడు చూసింది. కొత్త చెక్క మీద, మెరిసే ప్లాస్టిక్ పొర కింద వాళ్ల నాన్న, అమ్మ, ఆరేళ్ల తను, అమ్మ ఒళ్లో ఏడాది తమ్ముడు. మామ్మ ముఖం వెలిగిపోయింది. కొంగుతో ఓసారి తుడిచింది. తర్వాత దాన్ని వెనక్కి తిప్పింది. అక్కడ గోధుమరంగు చెక్క, గోడకి తగిలించుకోవడానికి ఓ కొక్కెం.

“ఎనకాల రాత ఏదే?” అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కాళ్ల కింద నేల జారినట్టయింది.

ఆ ఫొటో వెనక మామ్మ వాళ్ల నాన్న సిరాతో రాసిన నాలుగు వరుసలు ఉండేవి. ఎవరెవరో పేర్లు, ఫొటో తీయించిన రోజు, చివర్లో తమ్ముడు పుట్టిన తేదీ. షాపువాళ్లు నన్ను అడిగారు కూడా: “కాపీ తీసి చెయ్యమంటారా, ఒరిజినలే అంటించమంటారా?” అని. ఒరిజినల్ అయితే క్లారిటీ బాగుంటుందని నేనే చెప్పాను. వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడా రాత చెక్కకి, జిగురుకి మధ్య ఉండిపోయింది. ఫోన్లో ఫొటో తీసుకున్నానా అంటే, ముందువైపే తీశాను. అదీ ఫ్లాష్ పడి సగం తెల్లగా వచ్చింది.

మామ్మ తిట్టలేదు. “పోనీలే” అని ఫొటోని మంచం మీద పెట్టి, పెరట్లోకి వెళ్లి తీగకి నీళ్లు పోసింది. తిట్టినా బాగుండేదనిపించింది.

చుట్టం కాని చుట్టం

మాకు మామ్మ ఏ వరసా కాదు. కంచరపాలెంలో మా వెనక వీధి. అమ్మ టీచరు కావడంతో బడి నుంచి తను వచ్చేదాకా నేను మామ్మ ఇంట్లోనే పెరిగాను. ఆవిడకి ఇప్పుడు తొంభై ఏళ్లు. వీధిలో అందరూ ‘రంగం మామ్మ’ అనే పిలుస్తారు. చిన్నప్పుడు అది ఆవిడ పేరే అనుకునేదాన్ని. పూలు కోస్తూ “తిత్, నిత్, తోన్, లే...” అని లెక్కపెట్టేది. ఏదో ఆటలో మాటలనుకుని నేనూ నేర్చేసుకున్నాను. అవి బర్మా అంకెలని కాలేజీకి వచ్చాక గాని తెలీలేదు.

రంగం అంటే రంగూన్. మన తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఇంటికొకరు అన్నట్టు ‘రంగం వెళ్లడం’ ఉండేది. ఇప్పుడు దుబాయ్ ఎలాగో, అప్పుడు రంగం అలాగ. రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పని చేయడానికి, రిక్షాలు లాగడానికి ఓడెక్కేవాళ్లు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అన్న పేరు పడిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

అక్కడ అంతా సుఖమేం కాదు. 1930లో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, దాని వెనకే నగరంలో వాళ్ల మీద దాడులు జరిగాయి. అయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. మామ్మ వాళ్ల నాన్న ఆ రేవులోనే బస్తాల లెక్క రాసే గుమాస్తా. అందుకే ఆయన దస్తూరీ అంత గుండ్రంగా ఉండేదట. ఆ దస్తూరీని ఇంట్లో ఎవరైనా చూడగలిగిన ఒకే ఒక్క చోటు, ఆ ఫొటో వెనక భాగం.

తాళం వేసి వచ్చేశారు

ఆ రోజు నుంచి రెండు నెలలపాటు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. రాతని తిరిగి తేలేను. కనీసం మామ్మకి గుర్తున్నదైనా పోకుండా చూసుకోవాలనిపించింది. నెలకోసారి హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పొద్దున్నే విశాఖలో దిగడం, ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి మామ్మ పక్కన కూచోవడం. అలా మొదలైంది.

మొదటిసారి “మామ్మా, యుద్ధం గురించి చెప్పు” అన్నాను. “ఏటుందే సెప్పడానికి, బాంబులేసినారు, నడిసొచ్చీసినాం” అంది. అంతే. ఒక్క ముక్కలో అయిపోయింది.

రెండోసారి ప్రశ్న మార్చాను. “రంగంలో పొద్దున్న లేవగానే ఏం వాసన వచ్చేది?” అని అడిగాను. మామ్మ కళ్లు మూసుకుంది. చేపల ఉప్పు వాసన, మిల్లులో ఉడికిన ధాన్యం వాసన, గేటు మీద పాకిన పూలతీగ వాసన. ఆ పూల నుంచి గేటుకి, గేటు నుంచి వీధికి, వీధి నుంచి ఆ రోజుకి తనే వెళ్లింది.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. రెండు రోజులకి క్రిస్మస్ నాడు మళ్లీ వేశాయి. మొదటిసారి జనం వీధుల్లో నిలబడి ఆకాశంలో విమానాలని వేడుక చూశారట. మామ్మ కూడా నాన్న భుజం మీదెక్కి చూసింది. “మెరుస్తన్నాయి సూడు అని నేనే సూపించినాను నాన్నకి” అంది.

ఊరు ఖాళీ అవ్వడం మొదలైంది. డబ్బున్నవాళ్లకి ఓడ టికెట్లు దొరికాయి. లేనివాళ్లు నడిచారు. మామ్మ వాళ్లు ఇంటికి తాళం వేసి ప్రోమ్ వైపు బయల్దేరారు. అక్కడ ఇరావతి నది దాటి, అరకాన్ కొండల్లోంచి టౌంగప్ అనే తీరపు ఊరికి చేరాలి. ప్రోమ్ నుంచి అది సుమారు 170 కిలోమీటర్ల కొండదారి. అక్కడి నుంచి పడవల మీద అక్యాబ్, తర్వాత చిట్టగాంగ్, ఆపైన కలకత్తా, రైల్లో వాల్తేరు.

నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ నెలల్లో బర్మా వదిలి వచ్చారని చరిత్రకారులు అంచనా వేశారు. కొందరు మామ్మ వాళ్లలాగా అరకాన్ మీదుగా, కొందరు ఉత్తరాన తము, ఇంఫాల్ మీదుగా. దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది. తెల్లవాళ్లకి ఒక దారి, మనవాళ్లకి ఒక దారి పెట్టారని నెహ్రూ లాంటి నాయకులు అప్పుడే మండిపడ్డారు. దారిలో ఎంతమంది పోయారో కచ్చితమైన లెక్క లేదు. వేలల్లో అన్నది మాత్రం నిజం.

ఆ వేలల్లో మామ్మ తమ్ముడు ఒకడు.

టౌంగప్ ఇంకా రెండు రోజుల దూరం ఉందనగా వాంతులు మొదలయ్యాయట. సాయంత్రానికి అయిపోయింది. అక్కడ మామ్మ ఆగిపోయింది. నేను రికార్డర్ ఆపేశాను. కాసేపటికి తనే అంది: “ఆణ్ని సూడాలంటే ఆ పొటోయేనే. పుట్టినరోజు ఎప్పుడంటే ఎనకాల నాన్న రాత సూసుకునేదాన్ని. కళ్లెదర ఉన్నదే గదాని గురుతెట్టుకోలేదు.”

పెట్టెలో ఏమేం ఉన్నాయి

మూడోసారి వెళ్లినప్పుడు మామ్మ తనంతట తనే మంచం కింద నుంచి రేకు పెట్టె లాగమంది. అందులో పాత చీర మడతల మధ్య నల్ల, ఎరుపు రంగుల గుండ్రటి డబ్బా. బర్మావాళ్లు తమలపాకులు, వక్కలు పెట్టుకునే లక్కపెట్టె. సన్నటి వెదురు పేళ్లతో అల్లి, దాని మీద పొరలు పొరలుగా చెట్టు లక్క పూసి చేస్తారు. లోపల పళ్లెం లాంటి అర ఒకటి. చేతిలోకి తీసుకుంటే ఏమీ బరువు లేదు. నడకలో ఇత్తడి సామాన్లన్నీ ఒక్కొక్కటిగా పారేసినా ఇది మాత్రం మిగిలింది అందుకే. పైగా తడి లోపలికి రాదు. అడుగున ఉప్పు, బియ్యం, పై అరలో ఫొటో. అలా వచ్చింది ఆ ఫొటో కొండలు దాటి.

ఇంకొకటి పది రూపాయల నోటు. జార్జి రాజు బొమ్మ. దాని మీద ఇంగ్లిష్‌లో ‘బర్మాలో మాత్రమే చెల్లుతుంది’ అని అదనంగా అచ్చేసి ఉంది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఆ ఏడాది ఏప్రిల్ 1న విడదీశాక, మన రిజర్వు బ్యాంకే కొంతకాలం బర్మా కోసం ఇలాంటి నోట్లు వేసింది. వాళ్లమ్మ చీర అంచులో కుట్టుకుని తెచ్చిన నోట్లలో ఇదొక్కటి ఎలాగో మిగిలిపోయిందట. మూల నలిగి, మడత దగ్గర చిరుగు పట్టింది. ఆ చిరుగుకి ఎవరో ఎప్పుడో సెలోటేప్ వేశారు. టేపు పసుపుపచ్చగా మారి ఆ మరక నోటుకీ ఎక్కింది.

మూడోది ఫొటో. నా పుణ్యమా అని అది ఇప్పుడు పెట్టెలో పట్టదు.

ముట్టుకోకపోవడమే వైద్యం

హైదరాబాద్‌లో పాత కాగితాలు బాగుచేసే పనిలో ఉన్న ఒకావిడ దగ్గరికి ఫొటో పట్టుకెళ్లాను. ఎలాగైనా చెక్క నుంచి ఊడదీసిపెట్టమని బతిమాలాను. ఆవిడ భూతద్దంతో అంచులు చూసి తల అడ్డంగా ఊపారు. అప్పటి ఫొటోల్లో బొమ్మ అంతా కాగితం మీది సన్నటి జెలటిన్ పొరలో ఉంటుందట. పైన ప్లాస్టిక్ దాన్ని పట్టుకుంది, కింద జిగురు కాగితాన్ని పట్టుకుంది. లాగితే మూడూ మూడు ముక్కలవుతాయి. “ఇప్పుడు దీనికి మంచి వైద్యం ముట్టుకోకపోవడమే. ఎండకీ తడికీ దూరంగా పెట్టండి. ముందు మంచి స్కాన్ తీయించండి. రాత ఎక్కడికీ పోలేదు, కనపడదంతే” అన్నారు.

ఆ చివరి మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. పాత వస్తువుల్ని చెదలకన్నా, వానకన్నా ఎక్కువగా పాడుచేసేది వాటిని బాగుచేద్దామనుకునే ప్రేమేనట. టేపు వేసేవాళ్లు, లామినేషన్ చేయించేవాళ్లు, పతకాలని మెరిసేదాకా తోమేవాళ్లు. వింటుంటే చెవులు వేడెక్కాయి.

తీగ నేర్పిన సంగతి

ఇంతకీ మామ్మ పెరట్లో ఉన్న తీగ రాధామనోహరం. దీన్ని ఇంగ్లిష్‌లో రంగూన్ క్రీపర్ అంటారు. పేరు విని రంగం నుంచి తెచ్చిందేమో అనుకునేరు. చావు బతుకుల నడకలో మొక్కెవరు మోస్తారు? ఇది మన దగ్గరా దొరికేదే. కాకపోతే రంగంలో వాళ్ల గేటు మీద ఇదే ఉండేది. వచ్చాక నాలుగేళ్లకి, కాస్త నిలదొక్కుకున్నాక, మామ్మ వాళ్ల నాన్న ఎక్కడో ఈ తీగ చూసి కొమ్మ అడిగి తెచ్చి నాటారు. మామ్మ పెళ్లయి వచ్చేటప్పుడు అందులోంచి ఓ కొమ్మ తెచ్చుకుంది.

దీని పూలు సాయంత్రం తెల్లగా విచ్చుకుంటాయి. మర్నాటికి గులాబీరంగు, ఆ మర్నాటికి ఎరుపు. తెల్లగా, కమ్మటి వాసనతో ఉన్నప్పుడు రాత్రిపూట తిరిగే చిమ్మటలు వస్తాయి. రంగు మారాక పగటిపూట తేనెటీగలు వస్తాయి. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. మామ్మ మాత్రం తెల్లవి కోయనివ్వదు. “అయి ఇంకా సిన్నపిల్లలే” అంటుంది.

2014 అక్టోబర్ 12. విశాఖవాళ్లకి ఈ తేదీ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ రోజున మామ్మ ఇంటి ప్రహరీ కూలి, దాంతోపాటు తీగ వేళ్లతో సహా లేచిపోయింది. మా ఇంట్లోదీ పోయింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, అయినా మామ్మ నాలుగు రోజులు ఆ తీగ గురించే బాధపడింది. అప్పుడు అమ్మకి గుర్తొచ్చింది. ఎప్పుడో రాజమండ్రిలో పిన్ని గృహప్రవేశానికి ఈ తీగ కొమ్మే ఒకటి పట్టుకెళ్లి ఇచ్చింది. ఫోన్ చేస్తే పిన్ని నవ్వింది: “గేటు మొత్తం కప్పేసిందే తల్లీ, ఎంత కావాలంటే అంత కోసుకుపో!”

నేను వెళ్లి తెచ్చాను. పెన్సిలంత లావున్న నాలుగు కొమ్మలు, తడి గోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని. అందులో రెండు చచ్చిపోయాయి, రెండు బతికాయి. ఈరోజు మామ్మ పెరట్లో ఉన్నది అదే.

పదేళ్ల తర్వాత ఫొటో విషయంలో తల పట్టుకుని కూచున్నప్పుడు ఈ సంగతి గుర్తొచ్చింది. తీగ తిరిగొచ్చింది, ఎందుకంటే మామ్మ అడిగినవాళ్లందరికీ కొమ్మ ఇచ్చింది. రాత పోయింది, ఎందుకంటే అది ఒక్కచోటే ఉంది. కంప్యూటర్ పని చేసేవాళ్లకి ఇది తెలిసిన పాఠమే: ఏ ఫైలుకైనా మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఆఫీసులో రోజూ చేసే పనే. మామ్మ ఫొటో దగ్గర ఆ తెలివి ఏమైందో!

భీమిలి దాకా ఓ ప్రయాణం

జూలైలో వానలు పడ్డాక మామ్మని కారులో ఎక్కించుకుని బయల్దేరాం. నేను, అమ్మ, మామ్మ. ముందు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం. యుద్ధకాలంలో విశాఖ మీద పడి పేలకుండా మిగిలిన జపాన్ బాంబు అక్కడ ఉంది.

ఎందుకంటే మామ్మ కథ వాల్తేరు స్టేషన్లో అయిపోలేదు. 1942 మార్చి ఆఖర్లో ఆ ముగ్గురూ ఇల్లు చేరారు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. నడకలో పడిన పుండ్లు మానకముందే ఊరంతటితోపాటు మళ్లీ మూట కట్టుకుని పల్లెకి పరుగెత్తారు. “రంగంలో ఏసినోడే ఇక్కడా ఏసినాడు. మా యెనకాలే వచ్చీసినాడనుకున్నాం” అంది మామ్మ. ఆ మాట అంటూ నవ్వింది కూడా. బాంబు ముందు చేతులు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడి, “పద, ఇంక సాలు” అంది.

అక్కడి నుంచి భీమిలి. విశాఖ హార్బరు 1933లో మొదలయ్యేదాకా ఈ తీరంలో రంగం ఓడలు ఒడ్డుదాకా రాలేకపోయేవి. దూరంగా సముద్రంలో ఆగేవి. జనం మసూలా పడవల్లో అలల మీద ఊగుతూ వెళ్లి ఎక్కేవాళ్లు. మామ్మ వాళ్ల నాన్న మొదటిసారి రంగం వెళ్లింది భీమిలి నుంచే. ఇప్పుడక్కడ పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, సెల్ఫీలు దిగే పిల్లలు, మొక్కజొన్న పొత్తులు.

మామ్మ ఇసకలో కుర్చీ వేయించుకుని సముద్రం వైపు చూస్తూ కూచుంది. పక్కన పొత్తులు అమ్మే కుర్రాడు “ఏ ఊరు మామ్మా?” అని అడిగాడు. “రంగం” అంది. వాడికి అర్థం కాలేదు. మామ్మ చెప్పడం మొదలుపెట్టింది. పదిహేను నిమిషాలు చెప్పింది. నాకు చెప్పనివి కూడా చెప్పింది. తమ్ముడు పుట్టినప్పుడు వానలు దంచికొడుతున్నాయని, మంత్రసాని రాలేక నాన్న గొడుగేసుకుని వెళ్లి తెచ్చాడని, గేటు మీద తీగ నిండా పూలున్నాయని. నేను మెల్లగా ఫోన్ తీసి రికార్డర్ నొక్కాను. వెనకాల అలల చప్పుడు, మధ్యలో “పొత్తు పొత్తు” అన్న కేక. నా దగ్గరున్న రికార్డింగుల్లో అన్నిటికన్నా మంచిది అదే.

తిరిగొస్తుంటే కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు బోర్డు చూపించి “మీవాళ్లేనా?” అన్నాను. “ఆళ్లు మా తరవాతోళ్లు” అంది. నిజమే. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చి, దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరమయ్యాక, ఆ దశాబ్దంలో ఇంకో విడత జనం ఓడల్లో తిరిగొచ్చారు. అంటే ఇలాంటి పెట్టెలు ఒక్క మామ్మ ఇంట్లోనే ఉండవు. దేశ విభజన జ్ఞాపకాలకి 2017లో అమృత్‌సర్‌లో ప్రత్యేకంగా ఓ మ్యూజియం వచ్చింది. రంగం జ్ఞాపకాల్లో చాలావరకు ఇంకా మంచాల కిందే ఉన్నాయి.

మీ ఇంట్లోనూ ఓ పెట్టె ఉందా?

రంగమే కానక్కర్లేదు. 1962, 1965, 1971 యుద్ధాల్లో పని చేసిన తాతయ్యల పతకాలు, ఆర్మీ పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరాలు మనవాళ్ల ఇళ్లలో చాలా ఉంటాయి. నేను తప్పు చేసి నేర్చుకున్నవి ఇవి.

• ముందు రెండువైపులా ఫొటో తీయండి. ఖాళీగా కనిపించినా సరే, వెనకవైపు తప్పనిసరి. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా. వీలైతే 600 డీపీఐలో స్కాన్ చేయించండి.

• ఒరిజినల్‌ని లామినేషన్ చేయించొద్దు, చెక్కకి అంటించొద్దు. గోడకి కావాలంటే కాపీ తగిలించండి.

• సెలోటేప్, గమ్, స్టేపుల్ పిన్నులు, రబ్బరుబ్యాండ్లు వద్దు. తుప్పు పట్టిన పిన్నుంటే లాగకుండా నెమ్మదిగా విప్పండి.

• ఉత్తరాలు మడత విప్పి ‘యాసిడ్ ఫ్రీ’ కాగితంలో గాని, పాలిస్టర్ కవర్లలో గాని పెట్టండి. మామూలు పీవీసీ కవర్లు కొన్నాళ్లకి ఫొటోలకి అతుక్కుపోతాయి.

• పేజీకి జిగురుండే పాత ఆల్బమ్‌లలోంచి ఫొటోల్ని బలవంతంగా ఊడదీయొద్దు. పేజీనే స్కాన్ చేయండి.

• పతకాలని పాలిష్ పెట్టి తోమొద్దు. స్వాతంత్ర్యం తర్వాత ఇచ్చిన మన సైనిక పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి. తోమితే అరిగేది అవే. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బన్ మార్చొద్దు.

• లక్క, చెక్క వస్తువులకి నూనె రాయొద్దు, ఎండలో పెట్టొద్దు.

• ఫొటోల పెట్టెలో కలరా ఉండలు వేయొద్దు. అటక మీదా, వంటింటి గోడ పక్కనా పెట్టొద్దు. వానాకాలంలో నెలకోసారి తెరిచి చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో చెమ్మే అసలు శత్రువు.

• తూటాలాంటిది ఏదైనా కనిపిస్తే ముట్టుకోవద్దు. పోలీసులకి చెప్పండి.

• పెద్దవాళ్లని “యుద్ధం గురించి చెప్పు” అనకండి. ఏం తిన్నారు, ఏం వాసన వచ్చేది, చెప్పులున్నాయా అని అడగండి. ఫ్యాను ఆపి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డ్ చేయండి. ఇరవై నిమిషాలు చాలు, మళ్లీ ఇంకో రోజు.

• ఫైలుకి సంవత్సరం, ఊరు, మనిషి పేరు పెట్టండి. ఫోన్లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న చుట్టం దగ్గర ఒకటి.

కొత్త రాత

కిందటి నెల ఫొటోని స్కాన్ చేయించి మూడు మంచి ప్రింట్లు తీయించాను. ఒకటి మామ్మకి, ఒకటి బెంగళూరులో ఉన్న వాళ్లబ్బాయికి, ఒకటి మాకు. చెక్క మీదున్న అసలుదాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పడుకోబెట్టాం. లక్కపెట్టెలో ఇప్పుడు నోటు ఒక్కటే ఉంది, టేపు మరకతో సహా.

ప్రింటు వెనక్కి తిప్పి మామ్మ చేతికి మెత్తటి పెన్సిల్ ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని, కింద పీట పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకీ ఐదు నిమిషాలు. నాన్న పేరు, అమ్మ పేరు, తన పేరు. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది. తేదీ గుర్తు రాలేదు. రాదని తనకీ తెలుసు. కాసేపు పెరట్లోకి చూసి, మళ్లీ వంగి రాసింది: ‘వానల్లో పుట్టినాడు. రాధామనోహరం పూసింది.’

మిగతా రెండిటి వెనకా అదే రాసింది. అక్షరాలు వణికాయి గాని గుండ్రంగానే ఉన్నాయి. నాన్న దస్తూరీ ఇలాగే ఉండేదేమో అనుకున్నాను.

వచ్చేటప్పుడు నా చేతిలో తడి గుడ్డ చుట్టిన రెండు కొమ్మలు పెట్టింది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీ, ఎండ సగం పూటే ఉంటుందన్నాను. “బతికితే బతుకుద్ది, నాటు ముందు” అంది. గుమ్మం దాటాక వెనకనించి మళ్లీ కేక.

“ఒసే గుంటా, ఆటినీ సెక్కకి అంటించీకు!”